వాడుక నుంచి వెలకు: విలాసపు పొగపైపుల సేకరణలో మూల్యనిర్ణయం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పొగాకు పైపు ఒక సామాన్యమైన వాడుక వస్తువు. కర్మాగారంలో తయారైన మంచి పైపు యాభై నుంచి వంద డాలర్లకు లభిస్తుంది. అయినా కొందరు పనివారు చేతితో మలచిన పైపులకు సేకర్తలు వేల డాలర్లు చెల్లిస్తున్నారు. పొగ తాగేవారి సంఖ్య తగ్గుతున్నకొద్దీ ఈ ఉన్నతశ్రేణి పైపుల గిరాకీ తగ్గకపోవడం గమనార్హం. ఈ వెలకు ఆడంబరం ఒక్కటే కారణమన్న సులభమైన వివరణ చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బ్రయర్ కొయ్య స్వభావం, డెన్మార్క్ పైపు శిల్పుల పనితీరు, లండన్‌లోని డన్‌హిల్ సంస్థ ముద్రలు, వాడిన వస్తువు పట్ల సేకర్తల వైఖరి అనే అంశాల ఆధారంగా వెల ఏర్పడే తీరును వివరిస్తుంది. వస్తుసంస్కృతి అధ్యయనంలో ఇటీవలి దశాబ్దాల్లో వచ్చిన ఆలోచనలను ఈ ఉదాహరణకు అన్వయించి, ఎక్కడ సరిపోతున్నాయో, ఎక్కడ సరిపోవడం లేదో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పొగపైపు, బ్రయర్, సేకరణ, వస్తుసంస్కృతి, కర్తృత్వం, వెల, విలువ.

1. ప్రవేశిక

'కన్యాశుల్కం' పాఠం చెప్పేటప్పుడు గిరీశం చుట్ట దగ్గర తరగతి తప్పకుండా ఒకసారి ఆగుతుంది. పొగాకు పుట్టుకను అమృతంతో ముడిపెట్టే చాటుపద్యం చాలామంది విద్యార్థులకు ముందే నోటికి వచ్చి ఉంటుంది. అలాంటి ఒక తరగతిలో ఎం.ఏ. విద్యార్థి ఒకరు నన్ను ఒక ప్రశ్న అడిగారు: "చుట్టా పొగే, పైపూ పొగే. చుట్ట తాగేవాడు మోటువాడూ, పైపు తాగేవాడు మేధావీ ఎలా అయ్యారు సార్?" అప్పటికి వలసపాలన, వర్గభేదం అంటూ ఏదో చెప్పి ముందుకు సాగాను. అది తప్పు సమాధానం కాదు గాని పూర్తి సమాధానమూ కాదు. ఆ ప్రశ్నకు ఇంకొక ముఖం ఉంది. చుట్ట కాలిపోతుంది, పైపు మిగులుతుంది. కాలి బూడిదయ్యేదాన్ని దాచుకోలేం. మిగిలేదానికి వయసు వస్తుంది, వారసులు వస్తారు, బేరాలు వస్తాయి. ఈ వ్యాసం ఆ రెండవ ముఖానికి సంబంధించినది.

సమస్యను ముందుగా స్పష్టం చేసుకోవాలి. పైపు చేయవలసిన పని చాలా స్వల్పం. ఒక గిన్నె, దానిలో పొగాకు కూరే గుంత, గుంత అడుగు నుంచి కాడ గుండా నోటిముక్క దాకా ఒక సన్నని రంధ్రం. ఈ రంధ్రం గుంత అడుగున సరిగ్గా తెరుచుకుంటే, కొయ్య బాగా ఎండి ఉంటే, నోటిముక్క పళ్ల మధ్య హాయిగా ఇమిడితే పైపు తన పని చేసినట్లే. ఈ గుణాలన్నీ ఉన్న పైపును సాధారణ ఉద్యోగి కొనుక్కోగలడు. చేతిపని పైపుల వెల కొన్ని వందల డాలర్ల నుంచి మొదలవుతుంది. ప్రసిద్ధ శిల్పుల పైపులు వేలల్లో పలుకుతాయి. స్వీడన్‌కు చెందిన బో నోర్డ్ వంటివారి పైపులు పదివేల డాలర్లను దాటిన సందర్భాలు ఉన్నాయి. ఈ మెట్లు ఎక్కుతున్నకొద్దీ పొగ తాగే అనుభవంలో వచ్చే మెరుగు మాత్రం అదే నిష్పత్తిలో పెరగదు. వంద డాలర్ల పైపుకూ పదివేల డాలర్ల పైపుకూ మధ్య, పొగ రుచిలో, నూరు రెట్ల తేడా ఉందని ఏ సేకర్తా వాదించడు. మరి ఆ మిగతా సొమ్ము దేనికి?

తెలుగులో 'వెల', 'విలువ' అని రెండు మాటలు ఉండటం ఇక్కడ మనకు ఉపకరిస్తుంది. నిత్యవ్యవహారంలో ఒకదానికి బదులు మరొకటి వాడేస్తాం. కాని అంగట్లో చెల్లించేది వెల, వస్తువులో ఉన్నదని మనం నమ్మేది విలువ. ఈ వ్యాసంలో ఆ తేడాను పాటిస్తాను.

2. కొయ్య: నేలలో గడిచిన కాలం

పొగపైపులు మట్టితో, రాతితో, సొరకాయ బుర్రతో, మొక్కజొన్న కండెతో చేసేవారు, ఇప్పటికీ చేస్తున్నారు. టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతంలో దొరికే మెత్తని తెల్లని ఖనిజం మీర్షామ్‌తో చెక్కిన పైపులు పందొమ్మిదో శతాబ్ది ఐరోపాలో, ముఖ్యంగా వియన్నాలో, గొప్పింటి వస్తువులు. 'సముద్రపు నురుగు' అని ఆ జర్మన్ మాటకు అర్థం. పొగ పీల్చేకొద్దీ అవి తేనెరంగులోకీ, ఆపైన ముదురు గోధుమరంగులోకీ తిరుగుతాయి. అయితే పందొమ్మిదో శతాబ్ది మధ్యభాగంలో ఫ్రాన్స్‌లోని జురా కొండల్లో ఉన్న సెయింట్ క్లోడ్ అనే చిన్న పట్టణంలో బ్రయర్ కొయ్యతో పైపులు చేయడం వేళ్లూనుకున్న తరువాత మిగిలినవన్నీ పక్కకు జరిగాయి. ఆ పట్టణంలో అప్పటికే కొయ్యను లేత్ మీద తిప్పి చిన్నవస్తువులు చేసే పనివారుండటం ఈ మార్పుకు తోడ్పడింది.

బ్రయర్ అంటే చెట్టు మాను కాదు. మధ్యధరా తీరంలో పెరిగే 'ఎరికా ఆర్బోరియా' అనే పొదకు కాండానికీ వేళ్లకూ నడుమ, నేలలో, ముద్దగా ఊరే దుంప. ఆ పొడి నేలల్లో కార్చిచ్చు మామూలు. పైనున్న పొద మొత్తం కాలిపోయినా ఈ దుంప నీటినీ పోషకాలనూ దాచుకొని తిరిగి చిగుళ్లు వేస్తుంది. అగ్నిని తట్టుకోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటును మనిషి అగ్నిని పెట్టుకోవడానికే వాడుకున్నాడన్నమాట. పైపు చేయడానికి పనికివచ్చేంత దుంప ఊరడానికి దశాబ్దాలు పడుతుంది. కోర్సికా, సార్డీనియా, కలాబ్రియా, గ్రీసు, అల్జీరియా, మొరాకో ప్రాంతాల కొండవాలుల్లో కూలీలు దీన్ని చేత్తో తవ్వి తీస్తారు. తీసిన దుంప ఎండితే పగులుతుంది గనుక తడిగా ఉంచి, రంపంతో దిమ్మెలుగా కోసి, గంటల తరబడి నీటిలో ఉడికించి, అందులోని కషాయాన్నీ రసాన్నీ తొలగించి, నెలల నుంచి ఏళ్ల దాకా నీడలో ఆరబెడతారు.

ఇంత చేసినా లోపల ఏముందో పైకి తెలియదు. దుంప పెరిగేటప్పుడు మట్టినీ ఇసుక రేణువులనూ గులకరాళ్లనూ తనలో కలుపుకుంటుంది. శిల్పి రెండు రోజులు మలచి, చివరి మెరుగు పెడుతుండగా గిన్నె పక్కన ఆవగింజంత గుంట బయటపడవచ్చు. సాధారణ కర్మాగారం ఆ గుంటను లప్పంతో పూడ్చి రంగు వేస్తుంది. లేదా ఆ పైపుకు ఇసుకధారతో గరుకు ముఖం తెప్పిస్తుంది. ఉన్నతశ్రేణి శిల్పి అయితే ఆ దిమ్మెను పారవేయడమో, తక్కువ శ్రేణిలో వేయడమో చేయాలి. పైపు ముఖమంతటా నిలువు చారలు తెగకుండా పైకి సాగడం, పెదవి మీదా అడుగునా ఆ చారల కొసలు పిట్టకన్ను చుక్కలుగా కనిపించడం, ఒక్క మచ్చ కూడా లేకపోవడం అనే మూడూ ఒక్క దిమ్మెలో కలవడం అరుదు. దుంప వెలుపలి భాగం నుంచి వచ్చే దిమ్మెల్లో ఈ అవకాశం ఎక్కువ, అందుకే వాటి వెలా ఎక్కువ.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మంచి దిమ్మె వెల పదుల డాలర్లలోనే ఉంటుంది. అంటే కొయ్య అరుదైనదైనా ముడిసరుకుగా దాని వెల పైపు వెలలో చిన్న వంతు. సేకర్త చెల్లిస్తున్నది కనిపించే కొయ్యకు మాత్రమే కాదు, పారవేసిన దిమ్మెలకు కూడా. చేతికి వచ్చిన ఒక్క పైపు వెనుక మధ్యలోనే ఆగిపోయిన పైపులు కొన్ని ఉంటాయి. ఒక కవి ముద్రించిన కావ్యానికి వెనుక చింపివేసిన చిత్తుప్రతులను లెక్కించే పద్ధతి మన సాహిత్యవిమర్శలో లేదు. పైపు సేకర్తలకు మాత్రం అది ఉంది.

3. చేయి: సిక్స్టెన్ ఇవార్సన్ ఉదాహరణ

కొయ్య ఒక్కటే వెలను నిర్ణయిస్తే ఒకే నాణ్యతగల దిమ్మెతో ఎవరు చేసినా ఒకే వెల పలకాలి. అలా జరగడం లేదు. దీనిని వివరించడానికి డెన్మార్క్ చరిత్ర అవసరం.

ఇరవయ్యో శతాబ్ది తొలి సగంలో పైపు ఆకారాలు దాదాపు స్థిరపడిపోయాయి. ఫ్రెంచి, ఇంగ్లీషు సంస్థలు ప్రామాణికం చేసిన కొన్ని రూపాలే మళ్లీ మళ్లీ వచ్చేవి. దీనికి పనిముట్టే కారణం. ముందుగా దిమ్మెలో గుంతను తొలిచి, గిన్నెను లేత్ మీద తిప్పి గుండ్రం చేసి, ఆ తరువాత కాడ సవరించేవారు. లేత్ మీద తిరిగేది గుండ్రంగానే వస్తుంది. స్వీడన్‌లో పుట్టి కోపెన్‌హేగెన్‌లో స్థిరపడిన సిక్స్టెన్ ఇవార్సన్ (1910-2001) ఈ వరుసను తిరగవేశారు. ఆయన పైపుల మరమ్మతు దుకాణంలో పనికి కుదిరిన సందర్భం గురించి ఒక కథ చెబుతారు. విరిగిన తన పైపును బాగుచేయించుకోవడానికి వెళ్లి, తానే బాగుచేసి, అక్కడే ఉద్యోగం సంపాదించారట. కథ సంగతి ఎలా ఉన్నా పని సంగతి స్పష్టం. ఆయన ముందు దిమ్మెలోని చారలను చదివి, వాటి నడకను బట్టి ఆకారం మలిచి, చివరికి రంధ్రాలు తొలిచేవారు. ఈ ఒక్క మార్పుతో సౌష్ఠవం లేని ఆకారాలు సాధ్యమయ్యాయి. కొయ్య ఎటు వంగితే పైపు అటు వంగింది.

ఆయన కుమారుడు లార్స్ ఇవార్సన్, మనుమరాలు నానా ఇవార్సన్, శిష్యుడు యెస్ కోనోవిచ్ ఈ మార్గాన్ని కొనసాగించారు. జపాన్ నుంచి హిరోయుకి తొకుతోమి వంటివారు వచ్చి ఆయన దగ్గర పని నేర్చుకొని వెళ్లారు. బో నోర్డ్ (1941-2006) యౌవనంలో మోటారుసైకిలు ప్రమాదానికి గురై చక్రాల కుర్చీకి పరిమితమైనవారు. ఆయన ఏడాదికి చేసిన పైపులు చాలా కొద్ది. నత్తగుల్ల చుట్టులా, నర్తకి భంగిమలా ఆయన కల్పించిన ఆకారాలను ఈనాటికీ శిల్పులు అనుసరిస్తున్నారు. ఇదంతా సంగీతంలోని గురుశిష్య పరంపరలాగే ఉంటుంది. ఫలానావారి బాణీ అన్నమాట సేకర్తల సంభాషణలో సహజంగా దొర్లుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇవార్సన్ తన పేరుతో పైపులు చేస్తూనే, డెన్మార్క్‌లోని స్టాన్‌వెల్ అనే కర్మాగారానికి ఆకారాలు రూపొందించి ఇచ్చారు. ఆ సంస్థ వాటిని యంత్రాల మీద వేలసంఖ్యలో తయారుచేసి మధ్యతరగతికి అందుబాటు ధరలో అమ్మింది. అందువల్ల మనకు పరిశోధకులు అరుదుగా పొందే ఒక సదుపాయం లభించింది. రూపకల్పన ఒకరిదే. ఒకచోట అది కర్మాగారం ద్వారా వచ్చింది, మరొకచోట ఆయన చేతి నుంచే వచ్చింది. వాడిన స్టాన్‌వెల్ పైపు నేటికీ వంద డాలర్లకు అటూఇటూగా దొరుకుతుంది. ఆయన స్వయంగా మలచిన పైపుకు వేలు చెల్లించాలి. కాబట్టి సేకర్త కేవలం రూపానికి వెల కడుతున్నాడనడం నిలవదు. రూపం రెండింటిలోనూ ఉంది. కొయ్యలో కొంత తేడా ఉన్నమాట నిజమే గాని అది ఇంత అంతరాన్ని వివరించలేదు. మిగిలింది చేయి. ఆ చారను చూసి అక్కడ ఆకురాయి ఆపాలని నిర్ణయించిన ఫలానా మనిషి.

మనకు ఇది కొత్త విషయం కాదు. కర్త తెలియని చాటువు ఒకటి శ్రీనాథునిదో తెనాలి రామకృష్ణునిదో అని చెప్పగానే వినేవారి చెవులు నిక్కుతాయి. పద్యంలో ఒక్క అక్షరం మారలేదు. దాని గౌరవం మారింది. వేమన పేరుతో చేరిన పద్యాల విషయంలో మన పరిష్కర్తలు పడిన శ్రమ ఈ సమస్య చుట్టూనే తిరిగింది. పేరు అనేది గుర్తు మాత్రమే కాదు, అది పద్యాన్ని చదివే పద్ధతిని మారుస్తుంది. పైపు సేకర్త కూడా కాడ మీద చెక్కిన పేరును చూశాక చారలను ఇంకొక రకంగా చూస్తాడు. దీనిని మోసపోవడం అనడం తొందరపాటు. పేరు తెలిసిన తరువాత కొత్తగా కనిపించేవాటిలో కొన్ని నిజంగా ఉన్నవే.

4. ముద్రలు, తేదీలు, నమ్మకం

పేరుకు వెల ఉన్నప్పుడు దొంగపేరు కూడా పుడుతుంది. అందువల్ల ప్రామాణ్యాన్ని నిర్ధారించే శాస్త్రం ఒకటి అవసరమవుతుంది. పైపుల్లో ఈ శాస్త్రానికి ఆధారం డన్‌హిల్ పైపులు.

ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ తొలుత మోటారువాహన చోదకులకు కావలసిన సామగ్రి అమ్మినవారు. 1907లో లండన్ డ్యూక్ వీధిలో పొగాకు దుకాణం తెరిచారు. 1910 నుంచి సొంతంగా పైపుల తయారీ మొదలుపెట్టారు. ఆ సంస్థ నోటిముక్క మీద ఉండే తెల్లని చుక్క నేడు ప్రపంచమంతటా గుర్తింపు ఉన్న చిహ్నం. దాని పుట్టుక మాత్రం వినయపూర్వకమైనది. చేతితో చేసిన నోటిముక్కను తీసి మళ్లీ పెట్టేటప్పుడు పైభాగం ఏదో తెలియక కొనుగోలుదారులు తికమక పడేవారు. అది తెలియడానికి పెట్టిన చుక్క అది. అలాగే 1917లో హక్కుపత్రం పొందిన 'షెల్ బ్రయర్' విధానంలో ఇసుకధార మెత్తని భాగాన్ని తినివేసి గట్టి చారలను గవ్వ ముడతల్లా నిలబెడుతుంది.

సేకర్తలకు అంతకన్నా విలువైనది మరొకటి ఉంది. డన్‌హిల్ తన పైపులకు పన్నెండు నెలల పూచీ ఇచ్చేది. గడువు దాటిందో లేదో తేల్చడానికి 1920ల నుంచి కాడ మీద సంవత్సరాన్ని సూచించే అంకె వేయడం మొదలైంది. దుకాణదారుడి సౌకర్యానికి పుట్టిన ఆ చిన్న అంకె నేడు ఆ పైపు జన్మసంవత్సరాన్ని చెప్పే ప్రధాన ఆధారం. తాళపత్ర ప్రతి చివర లేఖకుడు తన పేరు, సంవత్సరం, తిథి రాసి పెట్టిన గద్య మనకు ఎలా ఉపయోగపడుతుందో ఇదీ అంతే. లేఖకుడు మన కాలనిర్ణయ సమస్యలను తలచుకొని రాయలేదు. ముద్రల ఆకారం, అక్షరాల వరుస, హక్కుపత్ర సంఖ్య, అంకె లోతు వీటన్నిటినీ పోల్చి పైపు ఏ దశాబ్దానిదో చెప్పగలిగే సేకర్తలు ఉన్నారు. శాసనలిపిని చదివేవారి క్రమశిక్షణ వారిలో కనిపిస్తుంది. ఈ విషయంలో విశ్వవిద్యాలయ పరిశోధకులమని మనం వారిని చిన్నచూపు చూడవలసిన పని లేదు. ఎక్కువ పాలిష్ పట్టి ముద్రను చెరిపేసిన పైపు వెల సగానికి పడిపోయినా ఆశ్చర్యం ఉండదు. ముద్ర పోతే చరిత్ర పోయినట్లే.

1970లో అర్థశాస్త్రవేత్త జార్జ్ అకర్లాఫ్ పాతకార్ల బజారును ఉదాహరణగా తీసుకొని ఒక సూత్రం చెప్పారు. అమ్మేవాడికి తెలిసిన లోపాలు కొనేవాడికి తెలియనప్పుడు కొనేవాడు అన్నింటినీ అనుమానించి తక్కువ ఇస్తాడు. అప్పుడు మంచి సరుకు ఉన్నవాడు బజారుకే రాడు. పాతపైపుల బజారుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. గుంత లోపల పగులు ఉందో, నోటిముక్క మార్చారో బొమ్మలో కనిపించదు. అంతర్జాలం ద్వారా అమ్మకాలు పెరిగిన తరువాత కొన్నవారిలో చాలామంది వస్తువును చేతిలోకి తీసుకోకుండానే కొంటున్నారు. ఈ స్థితిలో పేరున్న మధ్యవర్తి, షికాగోలో ఏటా జరిగే పైపు ప్రదర్శన వంటి ముఖాముఖి కూడళ్లు, తోటి సేకర్తల సాక్ష్యం ఇవన్నీ అవసరమవుతాయి. సేకర్త చెల్లించే సొమ్ములో ఒక వంతు నమ్మకానికి. ఈ వంతు ఎంతో లెక్క కట్టడం కష్టం గాని, ఒకే పైపును పేరున్న వర్తకుడూ పేరులేనివాడూ అమ్మినప్పుడు వచ్చే తేడాలో అది బయటపడుతుంది.

5. తాగిన పైపు, తాగని పైపు

సేకర్తల ప్రవర్తనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ అంశమే. పైపు పొగ తాగడానికి చేసినది. కాని ప్రసిద్ధ శిల్పి చేసిన పైపును ఎవరూ తాగకపోతేనే దాని వెల ఎక్కువ. ఒక్కసారి నిప్పు తగిలిందంటే తగ్గుతుంది. అంటే తన పని ఎన్నడూ చేయని పైపు ఉత్తమమైన పైపు. తమ సేకరణలో కొన్నింటిని తాగడానికీ కొన్నింటిని చూడటానికీ వేరుచేసుకునేవారు ఉన్నారు. శిల్పిని అవమానించినట్లవుతుందని పట్టుబట్టి ప్రతి పైపునూ వాడేవారూ ఉన్నారు. వారి మధ్య వాదం నడుస్తూనే ఉంటుంది. మడత విప్పని పట్టుచీరను బీరువాలో దాచే ఇళ్లు మనకు తెలుసు గనుక ఈ వాదం మనకు పరాయిది కాదు.

అయితే దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సందర్భం కూడా ఉంది. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఐన్‌స్టీన్ వాడిన బ్రయర్ పైపు ఒకటి ఉంది. అది సాదా పైపు. నోటిముక్క పళ్లతో కొరికి కొరికి చిల్లు పడింది. శిల్పి పైపులకు వర్తించే కొలతల ప్రకారం దానికి ఏ వెలా రాకూడదు. కాని అక్కడ ఆ చిల్లే ప్రాణం. ఇంకొక ఉదాహరణలో లెక్క స్పష్టంగా ఉంది. 1996 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని సోథబీస్ సంస్థ జాక్వెలిన్ కెన్నెడీ ఒనాసిస్ ఆస్తిని వేలం వేసింది. అందులో అధ్యక్షుడు కెన్నెడీకి హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ బహూకరించిన చుట్టల పెట్టె ఉంది. రెండు వేల డాలర్లకు కొంచెం పైన వస్తుందని అంచనా. అది 5,74,500 డాలర్లకు అమ్ముడైంది. బహుమతిగా ఇచ్చిన బెర్ల్ స్వయంగా దానిని తిరిగి కొనాలని పాట పాడి, అందుకోలేక వెనుదిరిగారు. కొన్నవారు చుట్టల పత్రిక ఒకదానికి అధిపతి.

జేమ్స్ ఫ్రేజర్ 1890లో వెలువరించిన 'ది గోల్డెన్ బౌ'లో స్పర్శ ద్వారా సంక్రమించే శక్తి మీద ఆదిమసమాజాల నమ్మకాన్ని చర్చించారు. ఒకసారి తాకిన వస్తువులు విడిపోయాక కూడా ఒకదాని మీద మరొకటి ప్రభావం చూపుతాయన్నది ఆ నమ్మకం. దానిని ఆదిమమని పక్కనపెట్టడం సాధ్యం కాదని ఈ వేలాలు చూపుతున్నాయి. పాదుకలను సింహాసనం మీద పెట్టి రాజ్యమేలిన కథ విన్న మనకు ఇందులో వింత లేదు. అయితే పైపుల బజారులో రెండు రకాల స్పర్శలు పోటీపడుతున్నాయని గుర్తించాలి. చేసినవాడి స్పర్శ, వాడినవాడి స్పర్శ. వాడినవాడు అనామకుడైతే అతని స్పర్శ మొదటిదాన్ని మలినం చేస్తుంది. వాడినవాడు లోకప్రసిద్ధుడైతే అతని స్పర్శ మొదటిదాన్ని మింగివేస్తుంది. రెండు సందర్భాల్లోనూ సేకర్త కొంటున్నది ఒక మనిషి మిగిల్చిన జాడను.

6. ఆడంబరవాదం ఎక్కడ చాలదు

ఈ చర్చను థార్‌స్టెయిన్ వెబ్లెన్ 1899లో 'ది థియరీ ఆఫ్ ది లీజర్ క్లాస్' గ్రంథంలో చెప్పిన ప్రదర్శన వినియోగం అనే భావనతో ముగించేయడం తేలిక. ధనవంతుడు తన ధనాన్ని ఇతరులకు చూపడానికి అనవసరపు ఖరీదు పెడతాడన్నది ఆ భావన. డన్‌హిల్ తెల్లచుక్క విషయంలో ఇది కొంతవరకు వర్తిస్తుంది. గది అవతలి నుంచి కూడా ఆ చుక్క కనిపిస్తుంది. కాని ఉన్నతశ్రేణి సేకర్త విషయంలో ప్రేక్షకులెవరు? అతని పొరుగువారికి యెస్ కోనోవిచ్ ఎవరో తెలియదు. కాడ మీది పేరు భూతద్దం లేకుండా కనిపించదు. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం చట్టవిరుద్ధమైన దేశాల్లో పైపును పైకి తీయడమే కుదరదు. ఖరీదైన కారు చేసే పనిని పైపు చేయలేదు. చూపించుకోవడం ఉన్నా అది తనవంటి కొన్నివందల మందికే. అక్కడ పరీక్షకు నిలిచేది డబ్బు కాదు, చూపు. ఆ చారను గుర్తించగలిగావా లేదా అన్నది.

ఇగోర్ కోపిటాఫ్ 1986లో, అర్జున్ అప్పాదురై సంపాదకత్వంలో వచ్చిన 'ది సోషల్ లైఫ్ ఆఫ్ థింగ్స్'లో రాసిన వ్యాసం ఇంతకంటే మెరుగైన దారి చూపుతుంది. వస్తువుకూ మనిషికిలాగే జీవితచరిత్ర ఉంటుందనీ, అది కొంతకాలం సరుకుగా ఉండి, ఆపైన 'ఇటువంటిది మరొకటి లేదు' అనే స్థితికి చేరుతుందనీ, మళ్లీ సరుకుగా మారవచ్చుననీ ఆయన వివరించారు. పైపు విషయంలో ఈ రాకపోకలను స్పష్టంగా చూడవచ్చు. దిమ్మెగా ఉన్నప్పుడు అది తూకపు సరుకు. శిల్పి చేతిలో అద్వితీయమవుతుంది. సేకర్త మరణించాక వారసులకు అవసరం లేక, వేలంలోకి వచ్చి, తిరిగి సరుకవుతుంది. పాతపైపుల వ్యాపారంలో వాటిని 'ఎస్టేట్ పైపులు' అనే పేరుతో పిలవడం వెనుక ఈ మరణం ఉంది. అయితే కోపిటాఫ్ వాదన ఒకచోట మనకు సరిపోదు. సరుకు స్థితి, అద్వితీయ స్థితి ఒకదానితో ఒకటి పోరాడతాయని ఆయన భావించారు. ఇక్కడ అద్వితీయతే సరుకుకు వెల తెస్తోంది. శిల్పి మరణించగానే పైపుల వెల పెరగడం దీనికి ఉదాహరణ. కొయ్య మారలేదు, చార మారలేదు. ఇక మరొకటి రాదన్న సంగతి ఒక్కటే కొత్తది.

వాల్టర్ బెంజమిన్ 1931లో తన గ్రంథసంచయాన్ని పెట్టెల్లోంచి విప్పుతూ రాసిన వ్యాసం సేకర్తను లోపలి నుంచి చూసింది. సేకరించిన వస్తువుతో యజమానికి ఉండే బంధాన్ని ఉపయోగంతో కొలవలేమన్న ఆయన దృష్టి పైపులకూ వర్తిస్తుంది. పుస్తకాలు చదవకుండా కొనేవారి మీద విసుర్లు విన్న మనలో ఎవరి బీరువాలో చదవని పుస్తకం లేదు?

7. వెల ఎవరికి చేరుతుంది

ఇంతవరకు చెప్పినదంతా కొనేవాడి వైపు నుంచి. మరొక వైపు చూడకపోతే వివరణ అసంపూర్ణం. తొలి అమ్మకంలో శిల్పికి గౌరవప్రదమైన ప్రతిఫలం అందుతుంది. వారాలపాటు చేసిన పనికి కొన్ని వేల డాలర్లు అతిగా అనిపించవు. కాని వెల రెట్టింపయ్యేది రెండో అమ్మకంలో, మూడో అమ్మకంలో. అప్పటికి శిల్పి బజారులో లేడు, చాలాసార్లు లోకంలోనే లేడు. ఇక కొండవాలులో దుంప తవ్వినవాడి పేరు ఏ కాడ మీదా ఉండదు. ఏ దుంప పక్వానికి వచ్చిందో, ఎక్కడ కోస్తే చారలు నిలువుగా వస్తాయో మొదట నిర్ణయించేది అతడూ, దిమ్మెలు కోసేవాడూ. చారను చదివే విద్య శిల్పితో మొదలు కాలేదు. సేకర్తలు మెచ్చుకునే చూపులో వారికి వాటా ఉంది, వెలలో అతి స్వల్పం.

గుంటూరు ప్రాంతపు వర్జీనియా పొగాకు రైతును తెలిసినవారికి ఈ క్రమం పరిచితమే. బేరన్‌లో రాత్రింబవళ్లు సెగ కాపలా కాసి, ఆకు రంగు తిరిగే ఘడియను కంటితో పట్టుకొని, తుది వెలకు వేలంలో మరొకరి మాట కోసం ఎదురుచూసే రైతు విద్య కూడా కంటి విద్యే. గుంటూరులో పొగాకు బోర్డు ఉంది, రాజమండ్రిలో పొగాకు పరిశోధన జరుగుతోంది. ఆకుకు శ్రేణులు ఉన్నాయి. ఏ శ్రేణిపత్రంలోనూ ఆకు కాల్చినవాడి చూపుకు గడి లేదు.

పొగాకు ఆరోగ్యానికి చేసే కీడును కూడా ఇక్కడే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పొగాకు ఏటా 70 లక్షలకు పైగా ప్రాణాలను బలిగొంటోంది. పైపు పొగను లోపలికి పీల్చకపోయినా నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు తప్పదు. సేకర్తలలో చాలామందికి ఇది తెలుసు. తాగని పైపుకు వెల పెరగడంలో ఈ ఎరుకకు కూడా పాత్ర ఉందని నా అభిప్రాయం. పొగ మానేసి పైపులు మానలేనివారికి వస్తువు వాడుక నుంచి విడిపోవడం ఒక ఉపశమనం.

మన దక్కనులో ఇది ఇదివరకే జరిగింది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో బిదరీ హుక్కా కుదుళ్లను అద్దాల వెనుక చూస్తాం. నల్లని లోహం మీద వెండి తీగతో పొదిగిన గసగసాల పూలు, లతలు. వాటి ముందు నిలబడినప్పుడు ఎవరికీ పొగ గుర్తురాదు. డెన్మార్క్ పైపులకూ వీటికీ ఒక తేడా మాత్రం ఉంది. బో నోర్డ్ పేరు అతని పైపు కాడ మీద ఉంది. బిదరీ కుదుళ్ల ముందున్న పలకల మీద శతాబ్దం, ప్రాంతం, లోహాల పేర్లు ఉంటాయి. తీగ పొదిగినవారి పేర్లు దాదాపు ఎక్కడా కనిపించవు.